కరపత్రం తప్పు లేకుండా చదివిన తల్లి, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ మొత్తం ఒక్క గ్లాసులో కలిపేసింది. ఆరోగ్య సలహాలు రాసే పద్ధతి ఇదేనా?

సుద్దముక్క:
మా బడిలో నాలుగో తరగతి అమ్మాయి మూడు రోజులు రాకపోతే ఇంటికి వెళ్ళాను. ఏడాదిన్నర తమ్ముడికి నీళ్ళ విరేచనాలు. తల్లి వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని స్టీలు గ్లాసుతో ఏదో పడుతోంది, వాడు మొహం తిప్పేసుకుంటున్నాడు. ఏమిటమ్మా అంటే ఓ.ఆర్.ఎస్. అంది. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు కషాయం. లీటరు నీళ్ళలో కలపవలసిన ప్యాకెట్‌ను ఒక్క గ్లాసులో కలిపేసింది.

ఆమె నిర్లక్ష్యం మనిషి కాదు. పదో తరగతి చదివింది. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన కరపత్రాన్ని దేవుడి పటం వెనక భద్రంగా దాచుకుంది. చదవమ్మా అన్నాను. గడగడా చదివింది: "అతిసార వ్యాధిగ్రస్తులైన శిశువులలో నిర్జలీకరణమును నివారించుటకై మౌఖిక పునర్జలీకరణ ద్రావణమును సముచిత పరిమాణములో అందించవలెను." ఒక్క ఒత్తు తప్పలేదు. ఏమి అర్థమైంది అంటే, "మందు కలిపి పట్టమన్నారు" అంది. నిజమే, అంతకుమించి అందులో ఏముంది? లీటరు అనే మాట కాగితం మొత్తంలో ఎక్కడా లేదు. ప్యాకెట్ మీద ఉంది, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో.

అది పారబోయించి, లీటరు సీసాతో కొలిచి ఇంకొకటి కలిపించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. పిల్లవాడు ఇప్పుడు బాగున్నాడు. నాకే నిద్ర పట్టడం లేదు. సర్పంచ్ గారిని అడిగితే బడి గోడ మీద రాయించడానికి ఒప్పుకున్నారు. ఎలా రాయాలో చెప్పండి. ఒక తల్లి చదివి, వెంటనే లేచి సరిగ్గా కలిపేటట్టు ఉండాలి.

కారంపొడి:
"సముచిత పరిమాణములో" అట. ఆ సముచితాన్ని ఏ గరిటెతో కొలుస్తుంది ఆ తల్లి?

మాత్రలషాపు:
మాస్టారూ, ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఓ.ఆర్.ఎస్. రెండు సైజుల్లో వస్తుంది. పెద్దది లీటరు నీళ్ళకు, లోపల పొడి 20 గ్రాముల పైచిలుకు. చిన్నది 200 మిల్లీలీటర్లకు, నాలుగు గ్రాముల పైచిలుకు. చిన్న ప్యాకెట్ ఒక గ్లాసులో కలపడం సరైన పద్ధతే. ఆమె ఎప్పుడో నా వంటి దుకాణంలో చిన్న ప్యాకెట్ కొని ఉంటుంది, ఆ అలవాటుతో పెద్దదీ గ్లాసులోనే వేసి ఉంటుంది. కాబట్టి గోడ మీద "ఒక ప్యాకెట్‌కు ఒక లీటరు" అని ఊరికే రాసేస్తే మరో తల్లి చిన్న ప్యాకెట్‌ను లీటరులో కలుపుతుంది. అది ఉత్త నీళ్ళతో సమానం.

సుద్దముక్క:
మీరు చెప్పింది నిజం. ఇప్పుడే వెళ్ళి అడిగాను. పెద్దకూతురికి అప్పట్లో చిన్న ప్యాకెట్లే కొన్నదట.

పదకోశం:
కరపత్రంలో వాక్యం బాగా లేదు, ఒప్పుకుంటాను. అయితే తప్పంతా తెలుగు మాటల మీదకు నెట్టవద్దు. అతిసారం మన మాట. వాడకపోతే ఏ మాటైనా మరుగున పడిపోతుంది. ఇలా ఒక్కొక్కటి వదిలేస్తూ పోతే వైద్యం గురించి తెలుగులో రాయడానికి ఏమీ మిగలదు.

ఆశా_అక్క:
పదకోశం గారూ, పదకొండేళ్ళుగా ఇళ్ళకు తిరుగుతున్నాను. పిల్లవాడికి అతిసారం అని ఏ తల్లీ నాతో అనలేదు. "నీళ్ళలా పోతోందక్కా" అంటారు. నిర్జలీకరణం అనరు, డీహైడ్రేషన్ అనీ అనరు. "పిల్లాడు వాడిపోయాడు, కళ్ళు లోపలికి పోయాయి, నోరు పిడచకట్టుకుపోతోంది" అంటారు. ఇవి తెలుగు మాటలు కావా? శిక్షణలో న్యుమోనియా గుర్తు "ఛాతీ లోపలికి పోవడం" అని నేర్పారు. ఇళ్ళలో అదే చెబితే బిత్తరపోయి చూసేవారు. "డొక్కలు ఎగరేస్తున్నాడా?" అని అడగడం మొదలుపెట్టాక వెంటనే చెబుతున్నారు. పోయిన వానాకాలం ఒక అమ్మమ్మ రాత్రి పదింటికి ఫోన్ చేసి ఆ ఒక్క ముక్కే అంది, "డొక్కలెగరేస్తున్నాడమ్మా" అని. 108కు చెప్పేశాను.

గోదారిగట్టు:
నోరు పిడచకట్టుకుపోవడం! ఇంత మంచి మాట ఉండగా నిర్జలీకరణం ఎందుకు కల్పించారో.

పదకోశం:
ఆశా అక్క గారి మాట కాదనలేను. అవి నేను రాసిన మాటల కన్నా అచ్చమైన తెలుగే.

అనువాదకురాలు:
ఆ వాక్యం ఎలా పుడుతుందో చెబుతాను. ఇటువంటివి నేను చాలా చేశాను. ఇంగ్లీషు ప్రతి సాయంత్రం చేతికి వస్తుంది, తెల్లారేసరికి తెలుగు కావాలంటారు. మాటకు మాట పెట్టుకుంటూ పోతాం. ఒకసారి నేను "నీళ్ళ విరేచనాలు" అని రాసి పంపితే ఎర్ర సిరాతో కొట్టేసి "అతిసారము" అని దిద్ది పంపారు. ప్రభుత్వ కాగితంలో విరేచనాలు అంటే గౌరవంగా ఉండదట. నేనూ ఎదురు చెప్పలేదు. ఆ కాగితం ఏ ఇంటికి వెళ్ళిందో, అక్కడ ఏమి జరిగిందో నాకు తెలియదు. మాస్టారి పోస్టు చదివాక అదే గుచ్చుకుంటోంది.

అసలు దోషం పదాల్లో కంటే ముందుంది. ఇంగ్లీషు ప్రతి కూడా తల్లి కోసం రాసింది కాదు, పై అధికారికి చూపించడానికి రాసింది. దాన్ని ఎంత తేట తెలుగులోకి మార్చినా అందులో లేని లీటరును నేను ఎక్కడినుంచి తేగలను?

మిడ్‌లాండ్స్_నర్సు:
గౌరవం అన్నారు కాబట్టి ఒక మాట. ఇక్కడ బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ వెబ్‌సైటు మూత్రానికి, మలానికి చిన్నపిల్లలు ఇంట్లో వాడే మాటలే వాడుతుంది. కావాలని పెట్టుకున్న నియమం అది. అందరికీ తెలిసినవి ఆ మాటలే అని. అంతకన్నా మర్యాద అయిన మాటలు మనకున్నాయి. మా ఊళ్ళో "ఒంటికి వెళ్ళాడా, రెంటికి వెళ్ళాడా" అని అడిగేవారు. ముసలివాళ్ళూ పిల్లలూ అందరికీ అర్థమవుతుంది, ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు.

విశ్రాంత_ఇంజనీరు:
ఈ ఒంటికి రెంటికి అన్ని జిల్లాల్లో ఉందా? మా మనవలకు తెలియదు.

మిడ్‌లాండ్స్_నర్సు:
మీ మనవలను ఒకసారి మా అమ్మ దగ్గరకు పంపండి, సాయంత్రానికి నేర్చుకుంటారు.

పిల్లల_డాక్టర్:
తేలిక మాటల పేరుతో ఖచ్చితత్వం పోగొట్టుకోకూడదు, నా భయం అదే. చిక్కగా కలిపిన ఓ.ఆర్.ఎస్. తాగితే రక్తంలో సోడియం పెరిగిపోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. పలచగా కలిపితే పోయిన లవణాలు తిరిగి రావు. నీరు, ఉప్పు, గ్లూకోజు ఒక పాళ్ళలో ఉంటేనే పేగు వాటిని లోపలికి లాగుకుంటుంది. గ్లూకోజు తోడుంటేనే సోడియం బాగా లోపలికి వెళుతుంది, దాని వెంట నీరు వెళుతుంది. మందంతా ఆ పాళ్ళలోనే ఉంది. కాబట్టి గోడ మీద "కొద్దిగా", "తగినంత", "బాగా" అనే మాటలు ఒక్కటి కూడా వద్దు.

ఇంకొకటి. అనువాదం బాగా లేక ప్రాణాలు పోతున్నాయి అనుకోవడం సగం నిజమే. నా గది బయట అరవై మంది ఉంటారు. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఎంత మంచి తెలుగు మాట్లాడినా ఎంత చెప్పగలను?

కారంపొడి:
డాక్టర్ గారూ, రెండు నిమిషాలే ఉన్నప్పుడు తేలిక మాట మరింత అవసరం కాదా? "సముచిత పరిమాణము" పలకడానికే ఆ రెండు నిమిషాలూ అయిపోతాయి.

పిల్లల_డాక్టర్:
అదీ నిజమే.

గోదారిగట్టు:
మా నాన్నగారి సంగతి చెబుతాను. బీపీ ఉందని డాక్టరు "ఉప్పు తగ్గించండి" అన్నారు. ఆ రోజు నుంచి మజ్జిగలో ఉప్పు వేసుకోవడం మానేశారు. ఆవకాయ మానలేదు, మాగాయ మానలేదు, సాయంత్రం అప్పడం మానలేదు. ఆరు నెలల తరువాత కూడా బీపీ దిగలేదు. "నేను ఉప్పు ముట్టడం లేదే" అని ఆయన బాధ. ఆయన దృష్టిలో ఉప్పంటే డబ్బాలో ఉన్న తెల్లటి పొడి. ఊరగాయ ఊరగాయే.

విశ్రాంత_ఇంజనీరు:
గోదారిగట్టు గారూ, దీనికి ఒక లెక్క ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అంటుంది. అయిదు గ్రాములు మనకు కంటికి ఆనవు. ఇలా చూడండి. ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళుంటే రోజుకు 20 గ్రాములు. కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి, పచ్చళ్ళలో వేసిన ఉప్పుతో కలిపి. మా ఇంట్లో ప్యాకెట్ తెరిచిన తేదీ దాని మీదే పెన్నుతో రాశాను. 28 రోజులకు అయిపోయింది. ఇద్దరమే ఉంటాం! మా ఆవిడ ఆ ఖాళీ ప్యాకెట్‌ను చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

కారంపొడి:
ఇంజనీరు గారు చెప్పినంత స్పష్టంగా ఉప్పు గురించి నాకు ఎవరూ చెప్పలేదు. ఈ రోజే మా ప్యాకెట్ మీద తేదీ వేస్తున్నాను.

ఆశా_అక్క:
షుగరు వాళ్ళతోనూ ఇంతే. "తీపి మానేయండి" అంటే కాఫీలో చక్కెర మానేసి పూటకు మూడు పళ్ళేల అన్నం తింటారు. అన్నం తీపి కాదుగా మరి.

మాత్రలషాపు:
నా గల్లా దగ్గర రోజూ చూసేవి:
చీటీ మీద 1-0-1 అని ఉంటుంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని. ఒక పెద్దాయన నూటొక్క మాత్రలు కావాలి అనుకుని డబ్బు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. అప్పటినుంచి నేను కవరు మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసి ఇస్తున్నాను.
గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకోమన్న మాత్రను నీళ్ళతో మింగేస్తారు. మాత్ర అంటే మింగేదే కదా అని.
"ఖాళీ కడుపుతో" అంటే ఆకలి వేసినప్పుడల్లా అనుకుంటారు. "పరగడుపున" అంటే తిరుగు లేదు. పొద్దున లేచి ఏమీ తినకముందు అని ఒక్క మాటలో తెలిసిపోతుంది.
రక్తపరీక్ష "నెగెటివ్" వచ్చిందని ఏడుస్తూ వచ్చిన అమ్మాయి ఉంది. ఆమెకు జబ్బు లేదు. నెగెటివ్ అంటే చెడ్డది అనుకుంది. పరీక్ష కాగితం ఇచ్చేవాళ్ళు "జబ్బు లేదు" అని మూడు ముక్కలు చెబితే ఆ ఏడుపు ఉండేది కాదు.

పదకోశం:
మూడు ముక్కలు కాదు, రెండే. అయితే మాటల పొదుపు విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను.

మాత్రలషాపు:
లెక్క తప్పాను, క్షమించండి. మాత్రల లెక్క మాత్రం తప్పను.

విశ్రాంత_ఇంజనీరు:
మన దగ్గర మంచి ఉదాహరణలు లేవా? "నిండు జీవితానికి రెండు చుక్కలు" గుర్తుందా? ఎన్ని చుక్కలో, ఎందుకో నాలుగు మాటల్లో ఉంది. పల్స్ పోలియో మన దేశంలో 1995లో మొదలైంది. 2011 తరువాత సహజ పోలియో వైరస్ కేసు ఒక్కటీ లేదు, 2014లో దేశానికి పోలియో లేదని ధ్రువపత్రం వచ్చింది.

గోదారిగట్టు:
ఆ నినాదం ఒక్కటే పని చేసిందంటారా? ఇంటింటికీ తిరిగి పిల్లల వేలికి సిరా చుక్క పెట్టినవాళ్ళు చేశారు. దానికి ఎదురు ఉదాహరణ ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" ప్రచారం. ఊరంతా ఆ ప్రశ్నే. మా కాలేజీలో ఒక పొడుగాటి అబ్బాయికి చదువు అయిపోయేవరకు పులిరాజా అనే పేరు. జాగ్రత్త ఏమిటి, పరీక్ష ఎక్కడ చేస్తారు అని అడిగితే ఎవరికీ గుర్తు లేదు. గుర్తుండిపోవడం వేరు, అర్థం కావడం వేరు.

అనువాదకురాలు:
నాకు అభ్యంతరం ఉంది. ఎయిడ్స్ అనే మాట పైకి అనడానికే భయపడే రోజుల్లో టీ కొట్టు దగ్గర దాన్ని మాట్లాడించింది ఆ ప్రచారం. అది చిన్న పని కాదు. రెండో మెట్టు కట్టలేదు అనండి, ఒప్పుకుంటాను.

ఉట్నూరు_బాట:
ఇక్కడ అందరూ తేట తెలుగు అంటున్నారు. మా ఏజెన్సీలో చాలా ఇళ్ళలో మాట్లాడేది గోండీ, కొలామీ. తెలుగు బడికి వెళ్ళాక నేర్చుకునే భాష. మందు పూసిన దోమతెరలు పంచినప్పుడు తెలుగు కాగితం కూడా ఇచ్చారు. నెల తరువాత వెళితే కొందరు తెరను వారం వారం ఉతికి ఎండలో ఆరేస్తున్నారు, శుభ్రంగా ఉంచాలని. అలా మాటిమాటికీ ఉతికితే మందు పోతుంది, ఎండ దాన్ని ఇంకా పాడు చేస్తుంది. మేము కాగితం పక్కన పెట్టి, ఒక ఇంటి చూరు కింద నీడలో తెర ఆరేసి చూపించాం, గోండీలో చెప్పడానికి ఆ గూడెం అమ్మాయినే పిలిచాం. మాస్టారూ, మీ గోడ ముందు ఎవరు నిలబడతారో, వాళ్ళింట్లో ఏ భాషో చూసుకోండి.

సుద్దముక్క:
మాకు మూడు వీధులు తెలుగు, కొండవైపు కొన్ని ఇళ్ళు సవర. ఆ సంగతి నేను ఆలోచించనే లేదు. ఆ ఇళ్ళ పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు.

పిల్లల_డాక్టర్:
ఈ మందు చరిత్రలోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది మాస్టారూ. 1971లో తూర్పు బెంగాల్ నుంచి లక్షలాది శరణార్థులు వచ్చారు. సరిహద్దున బనగావ్‌లో కలరా. ఆసుపత్రి నేల మీద జనం, ఎక్కించడానికి సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో తయారు చేయించి, తాగించే పని రోగుల ఇంటివాళ్ళకే అప్పగించారు. నూటికి ముప్ఫై వరకు ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. చదువు, శిక్షణ లేని తల్లులు, అన్నలు తాగించారు. ఆయనకు మన ప్రభుత్వం 2023లో, చనిపోయిన తరువాత, పద్మవిభూషణ్ ఇచ్చింది. బంగ్లాదేశ్‌లో ఈ రోజుకీ దీన్ని "ఖాబార్ సెలైన్" అంటారు. తాగే సెలైన్ అని. సెలైన్ అంటే ప్రాణం నిలబెట్టేది అని జనానికి అప్పటికే తెలుసు, ఆ తెలిసిన మాటకే ముడివేశారు. మౌఖిక పునర్జలీకరణ ద్రావణం అనలేదు.

అనువాదకురాలు:
తాగే సెలైన్! మన ఊళ్ళలోనూ సెలైన్ ఎక్కిస్తే గానీ వైద్యం జరిగినట్టు కాదు అనుకుంటారు కదా. ఇంతకన్నా మంచి అనువాదం నాకు తట్టదు.

పిల్లల_డాక్టర్:
ఇంకా ఉంది. ఆ దేశంలో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్ళ పాటు ఇంటింటికీ ఆడవాళ్ళను పంపి, మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు అని నేర్పించింది. కోటికి పైగా ఇళ్ళు. నేర్పినవాళ్ళ జీతం ఎన్ని ఇళ్ళు తిరిగారు అన్నదాన్ని బట్టి ఇవ్వలేదు. కొన్నాళ్ళకు వేరే మనిషి వెళ్ళి ఆ తల్లిని అడిగేవారు. ఆమెకు ఎంత గుర్తుంటే నేర్పినామెకు అంత డబ్బు.

కారంపొడి:
ఆ పద్ధతిలో మన కరపత్రాలు రాసినవాళ్ళకు ఎంత వచ్చేదో!

సుద్దముక్క:
డాక్టర్ గారూ, అయితే చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం అనే గోడ మీద రాయమంటారా?

పిల్లల_డాక్టర్:
వద్దు. ప్యాకెట్ దొరకని రోజుల్లో అది. గుప్పిళ్ళు అందరివీ ఒకటి కాదు. ఇప్పుడు ప్యాకెట్ అన్ని చోట్లా ఉంది, అదే వాడాలి.

మాత్రలషాపు:
ప్యాకెట్ పేరుతో ఇంకో మోసం కూడా ఉండేది. ఓ.ఆర్.ఎస్. అని పెద్ద అక్షరాలు వేసి, అట్ట డబ్బాల్లో తియ్యటి పానీయాలు అమ్మేవారు. చక్కెర ఎక్కువ, లవణాలు చాలవు. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దాని మీద ఎనిమిదేళ్ళు పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, సరైన పాళ్ళు లేని పానీయం పేరులో ఆ మూడు అక్షరాలు వాడకూడదని ఆదేశించింది. మూడంటే మూడు అక్షరాలు. తల్లులు వాటిని నమ్ముకునే కొంటారు.

మిడ్‌లాండ్స్_నర్సు:
మాస్టారూ, మాకు శిక్షణలో నేర్పిన ఒక పద్ధతి మీకు పనికి వస్తుంది. "అర్థమైందా?" అని ఎప్పుడూ అడగవద్దు. ఎవరైనా అర్థమైంది అనే అంటారు, కాదంటే చిన్నతనం. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను, ఇంటికి వెళ్ళి మీ అత్తగారికి ఎలా చెబుతారో నాకు చెప్పండి" అనండి. తప్పు వస్తే అది నా చెప్పడంలో తప్పు, మళ్ళీ చెబుతాను. గోడ రాతకైనా అంతే. రంగు వేయించక ముందు నలుగురి చేత చేయించి చూడండి.

సుద్దముక్క:
మీ అందరి మాటలూ కలిపి ఒక కాగితం రాశాను. నిన్న సాయంత్రం బడి వరండాలో ఆరుగురు తల్లులను కూర్చోబెట్టి, చేతికి కాగితం, ప్యాకెట్, గిన్నెలు ఇచ్చి ఏమీ మాట్లాడకుండా చూశాను. మాట్లాడకుండా ఉండడం ఎంత కష్టమో!

"పెద్ద సీసాడు నీళ్ళు" అని రాశాను. ఒకామె రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తెచ్చింది. "కాచి చల్లార్చిన నీళ్ళలో కలపండి" అని రాశాను. ఒకామె ముందు కలిపి తరువాత పొయ్యి మీద పెట్టబోయింది. ఇంకొకామె సగం ప్యాకెట్ వేసి మిగతాది మడిచి కొంగున ముడివేసుకుంది, రేపటికి అని. పొదుపుగా బతికే మనిషి, ఆమెను ఏమనగలను? "మొత్తం" అనే మాట నా కాగితంలో లేదు. ఆరుగురిలో ఇద్దరే సరిగ్గా కలిపారు. ఇంతకీ నేను రాసినదంతా తేట తెలుగే.

అనువాదకురాలు:
ఈ పోస్టు దాచుకుంటున్నాను. ఇరవై ఏళ్ళలో నేను రాసింది ఒక్కసారి కూడా ఇలా చేయించి చూడలేదు.

విశ్రాంత_ఇంజనీరు:
రాత పక్కన సీసా బొమ్మ వేయించండి, మూతతో సహా, మీద "1 లీటరు" అని. చెంబు, సోల, తవ్వ వద్దు. మా ఇంట్లోనే మూడు చెంబులు మూడు కొలతలు.

ఆశా_అక్క:
జింక్ మాత్ర మరిచిపోకండి. విరేచనాలు ఆగగానే మానేస్తారు. "తగ్గినా సరే 14 రోజులు" అని రాయండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు ఒకటి, రెండు నెలల నుంచి ఆరు నెలల లోపు వాళ్ళకు సగం. చెంచాలో నీళ్ళు గానీ తల్లిపాలు గానీ పోసి కరిగించి పట్టాలి. ఇంకా, పాలు ఆపేయమనే అత్తగార్ల కోసం ఒక వరుస కావాలి.

సుద్దముక్క:
మూడోసారి రాసింది ఇది. ఈసారి కొండవైపు ఇళ్ళ ఇద్దరితో కలిపి ఎనిమిది మంది చేత చేయించాను. ఏడుగురు సరిగ్గా కలిపారు. ఎనిమిదో ఆమెకు అక్షరాలు ఆనలేదు, పెద్దవి చేయిస్తాను.

పిల్లలకు నీళ్ళ విరేచనాలు అవుతున్నాయా? తాగే సెలైన్ (ఓ.ఆర్.ఎస్.) పట్టండి.
సబ్బుతో చేతులు కడుక్కోండి.
లీటరు సీసాతో నిండా ఒక్కసారి మంచినీళ్ళు కొలిచి గిన్నెలో పోయండి.
పెద్ద ప్యాకెట్ ఒకటి, మొత్తం, అందులో వేసి కలపండి. చిన్న ప్యాకెట్ అయితే దాని మీద ఎన్ని నీళ్ళు అని ఉందో ఆశా అక్కను అడగండి.
కలిపాక కాచవద్దు. పాలు, చక్కెర, ఇంకేమీ వేయవద్దు.
విరేచనం అయిన ప్రతిసారీ పట్టండి. రెండేళ్ళ లోపు పిల్లలకు చిన్న టీ గ్లాసులో సగం నుంచి గ్లాసు నిండా. అంతకన్నా పెద్ద పిల్లలకు ఒకటి నుంచి రెండు టీ గ్లాసులు.
వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగా పట్టండి.
తల్లిపాలు ఆపవద్దు. అన్నం తినే పిల్లలకు అన్నం ఆపవద్దు.
మర్నాటికి మిగిలితే పారబోసి కొత్తది కలపండి.
జింక్ మాత్ర, తగ్గినా సరే, 14 రోజులు వేయండి.
కళ్ళు లోపలికి పోయినా, మగతగా పడి ఉన్నా, ఏదీ తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి. 108కు ఫోన్ చేయండి.

పిల్లల_డాక్టర్:
కొలతలు సరిగ్గా ఉన్నాయి. టీ గ్లాసు అంటే సుమారు 100 మిల్లీలీటర్లు పట్టేదే కదా?

సుద్దముక్క:
మా ఊరి హోటల్ గ్లాసు తెచ్చి కొలిచాను. అంచు దాకా పోస్తే 100.

పదకోశం:
"మర్నాటికి" అనే మాట చూసి సంతోషించాను. ఒక్క ముద్రారాక్షసం లేదు.

కారంపొడి:
పదకోశం గారు మెచ్చుకున్నారు, ఇక రంగు వేయించేయవచ్చు.

సుద్దముక్క:
వేయించక ముందు ఆ పిల్లవాడి తల్లికి చదవమని ఇచ్చాను, ఈ పోస్టుకు కారణం ఆమే కాబట్టి. మెల్లగా చదివింది. ఈసారి గడగడా కాదు, వరుస వరుసకూ ఆగి, తల ఊపుకుంటూ. చివరి వరుస దగ్గర ఆగి అడిగింది: "ఆసుపత్రి మాట అడుగున పెట్టారేమిటి సార్? పిల్లాడు మగతగా ఉంటే ఇదంతా చదువుతూ కూర్చుంటామా?"

పిల్లల_డాక్టర్:
ఆమె చెప్పినట్టే చేయండి. అది మొదటి వరుస. ఎర్ర రంగులో.

ఆశా_అక్క:
రంగు వేసే రోజు ముందుగా చెప్పండి మాస్టారూ, పెద్ద ప్యాకెట్లు తెస్తాను. గోడ దగ్గరే కలిపి చూపిద్దాం.

సుద్దముక్క:
గురువారం పొద్దున. బోరింగు ఉన్న వైపు గోడ ఖాయం చేశాం, నీళ్ళకు అందరూ అక్కడికే వస్తారు. సవర ఇళ్ళ కోసం నా తరగతి పిల్లలిద్దరు వాళ్ళ భాషలో చెబుతూ ఫోనులో రికార్డు చేశారు. వాళ్ళ అమ్మమ్మకు వినిపించి, తిరిగి ఏమి చెబుతుందో విని రమ్మన్నాను.

ఉట్నూరు_బాట:
ఆ అమ్మమ్మ ఏమందో ఇక్కడ రాయండి. ఆమె మార్చమన్నది మార్చాకే మా గూడేల్లో గోండీలో రికార్డు చేయిస్తాం.